తడి ప్లగ్గు, పొడి ప్లగ్గు

ఏమోయ్ కొత్త పెళ్ళికొడుకా, ముందా తాడు వదులు. పొద్దుటినుంచీ లాగుతూనే ఉన్నావని నీ చొక్కా చెబుతోంది. ఇంకాసేపు లాగితే మిషను స్టార్ట్ కాదు గానీ, నీ భుజం ఊడొచ్చి నా బల్ల మీద పడుతుంది. దానికి స్పేరు నా దగ్గర లేదు. పెరట్లో చెట్టు నేనే కోసిపారేస్తానని పెళ్ళాం ముందు కోతలు కోసి ఉంటావు. మిషను మొరాయించింది. ఆవిడ కిటికీలోంచి చూసి నవ్వింది. నువ్వు దీన్ని చంకన పెట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చావు. అవునా కాదా? తల దించుకున్నావంటే అవునన్నమాటే. ఇలా ఈ డబ్బా మీద కూర్చో.

రంపం మిషను స్టార్ట్ కాకపోతే దాన్ని తిట్టకూడదు. ప్లగ్గు విప్పి చూడాలి. బడిలో నేను సంతకం దాకా వచ్చి ఆగిపోయానుగానీ ఈ ఒక్క పాఠం మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ప్లగ్గు తడిగా ఉందనుకో, పెట్రోలు లోపలికి వస్తోంది, నిప్పే అంటుకోవడం లేదు. పొడిగా ఉందనుకో, నిప్పు సంగతి తర్వాత, అసలు పెట్రోలే రావడం లేదు. తడి అయితే కరెంటు జబ్బు, పొడి అయితే పెట్రోలు జబ్బు. మూడోది నీలాంటి వీరుల జబ్బు. చోక్ లాగిపెట్టి, తీయడం మరిచిపోయి, ఇంజన్ని పెట్రోల్లో ముంచేస్తారు. చూడు, ఎలా కారుతోందో. ఇది ఆరాలి. ఆరేలోపు నీకు మా బావ మిషను సంగతి చెబుతాను. నవ్వొస్తే నవ్వు, నేనేమీ అనుకోను.

బావంటే మా అక్క మొగుడు. చెట్లు కోసే ముఠాలో అందరికంటే పాత మనిషి. రోడ్డు పక్క కొమ్మలు కరెంటు తీగలకు తగలకుండా నరకడం, గాలివానకు పడ్డ చెట్లను ముక్కలు చేసి దారి తెరవడం ఆ ముఠా పని. ఆ ముఠాలో ఒక పద్ధతి ఉంది. ఎవడి మిషను వాడు తెచ్చుకోవాలి. మిషను ఉన్నవాడికే పని, లేనివాడు ఇంటికి. బావ నడుముకు తాడు కట్టుకుని చెట్టెక్కి, కొమ్మ మీద నిలబడి మిషను స్టార్ట్ చేస్తుంటే కింద బస్సులు ఆపుకుని చూసేవాళ్ళు.

బావా బావమరుదులం కదా, మా ఇద్దరి మధ్యా ఏనాడూ తిన్నగా మాట నడవలేదు. ఒకసారి అతని భోజనం డబ్బాలో నట్లూ బోల్టులూ నింపి పనికి పంపాను. అతను ఊరుకుంటాడా? ఓ తెల్లవారుజామున వచ్చి నా షాపు బోర్డు విప్పి తలకిందులుగా బిగించి పోయాడు. నేను చూసుకునేసరికి వీధి వీధంతా చూసేసింది. అక్క ఇద్దర్నీ కలిపి తిట్టేది. నన్ను కాస్త ఎక్కువ తిట్టేది, తమ్ముణ్ణి కాబట్టి.

అలాంటి అక్క ఒక మధ్యాహ్నం షాపుకొచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి మాట్లాడింది. బావ వేళ్ళు తెల్లగా పాలిపోతున్నాయట. గిల్లినా తెలియడం లేదట. గ్లాసు పట్టుకుంటే జారిపోతోంది. చొక్కా గుండీలు ఆవిడే పెడుతోంది. ఏళ్ళ తరబడి మిషను అదురు చేతుల్లోకి ఎక్కి నరాలు చచ్చుబడ్డాయనీ, ఇక మిషను ముట్టుకోవద్దనీ డాక్టరు చెప్పాడట. మందుబిళ్ళలు తీసుకున్నాడు గానీ మాట మాత్రం తీసుకోలేదు.

“ఆ చేతుల్తో చెట్టెక్కితే ఏదో ఒకరోజు మిషనైనా జారుతుంది, మనిషైనా జారతాడు” అంది అక్క. “మానెయ్యమంటే మానడు. ఆ మిషను స్టార్ట్ కాకుండా చెయ్యరా. నువ్వు చేశావని మాత్రం తెలియకూడదు.”

నాకు ఎలా ఉంటుంది చెప్పు. పుట్టినప్పటినుంచీ నా అల్లరికి వీపు మోగించిన అక్క, స్వయంగా వచ్చి అల్లరి చెయ్యమని అడుగుతోంది. అదీ బావ మీద. అదీ పుణ్యం వచ్చే పని. నేను వెంటనే ఒప్పుకున్నాను.

ఆ ఆదివారం వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. బావ స్నానానికి వెళ్ళగానే వెనకగదిలోకి దూరి మిషను పైమూత విప్పాను. స్విచ్చు నుంచి వచ్చే సన్నని వైరు ఒకటి ఉంటుంది. అది ఇంజను ఒంటికి తగిలిందా, నిప్పు చచ్చిపోతుంది. మనం మిషను ఆపేటప్పుడు స్విచ్చు చేసే పని అదే. ఆ వైరు పైతొడుగు కాస్త గీకి, ఇంజనుకు ఆనించి, పైన మూత బిగించేశాను. ఇక స్విచ్చు ఎటు నొక్కినా మిషను ఆపినట్టే ఉంటుంది. బావ తల తుడుచుకుంటూ వచ్చేసరికి నేను వీధరుగు మీద కూర్చుని కాళ్ళూపుకుంటున్నాను.

మర్నాడు పొద్దున్నే, పనికి బయల్దేరేముందు అలవాటుగా తాడు లాగి చూసుకుని, మిషను భుజాన వేసుకుని షాపుకొచ్చాడు. నా షాపు నువ్వు చూస్తున్నదే, ఒక మనిషి చేతులు చాపితే రెండు గోడలూ అందుతాయి. మూలన ఇతని కోసమని ఒక కుర్చీ వేసి, ఫ్యాను అటు తిప్పాను. ఇక నా ఆట మొదలైంది.

ప్లగ్గు విప్పాను. తడిగా ఉంది. ఉండక ఏం చేస్తుంది? దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని, పెట్రోలు పాతబడిపోయిందని తేల్చాను. ట్యాంకు ఒంపేసి కొత్త పెట్రోల్లో ఆయిలు కలిపి పోశాను. స్టార్ట్ కాలేదు. మర్నాడు గాలి ఫిల్టరు తీసి, దుమ్మంతా బావ మొహం మీదికి ఎగిరేలా దులిపాను. కాలేదు. తర్వాత సైలెన్సరు జాలీకి పట్టిన మసి గీకాను. ఆ తర్వాత కార్బొరేటరు విప్పి, స్క్రూలన్నీ గుడ్డ మీద పరిచి, లోపలి రబ్బరు పొరను వెలుగుకి పట్టి చూస్తూ నిట్టూర్చాను. బావ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అన్నీ చూసేవాడు. మధ్యలో ఒక పుల్లవిరుపు మాట విసిరేవాడు. నాడి చూడకుండానే ఆపరేషన్ చేస్తున్నావేంట్రా అనేవాడు. రోగి బంధువులు బయట కూర్చోవాలి అనేవాణ్ణి నేను.

షాపుకొచ్చినవాళ్ళతో బాగా కలిసిపోయాడు. నేను భోజనానికి ఇంటికెళ్తే షాపు చూసేది అతనే. టీ వస్తే గ్లాసు వేళ్ళతో పట్టుకునేవాడు కాదు, రెండు అరచేతుల మధ్యా నొక్కిపెట్టుకుని తాగేవాడు. అది చూసినప్పుడల్లా నేను చూపు తిప్పుకుని, లోపల్లోపల అక్కను మెచ్చుకునేవాణ్ణి. మిషను పాడైన మనిషికి కాలు నిలవదు కదా, తొందరపెడతాడు, తిడతాడు. ఇతను ఏనాడూ అలా చెయ్యలేదు. నా పనితనం మీద నమ్మకం కాబోలు అనుకుని కాస్త ఉబ్బాను కూడా.

కొన్నాళ్ళకి నా దగ్గర జబ్బులు అయిపోయాయి. విప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. అందుకని ఒకరోజు, నిప్పు పుట్టించే కాయిలు పోయిందని చెప్పాను. రేపటి బస్సులో కొత్తది వస్తుంది, బిగించగానే ఖాయంగా స్టార్ట్ అవుతుంది, ఎల్లుండి ఈపాటికి నువ్వు చెట్టు మీద ఉంటావు బావా అన్నాను. కొత్త కాయిలు కూడా పాడైనదే పంపారని మర్నాడు చెప్పొచ్చని నా లెక్క.

బావ టీ తాగడం ఆపాడు.

“అంత తొందరేముందిరా. నెమ్మదిగా చూడు” అన్నాడు.

నేను నవ్వి భోజనానికి వెళ్ళిపోయాను.

మర్నాడు ఆనవాయితీ ప్రకారం ముందు ప్లగ్గు విప్పాను. చేతిలో పెట్టుకుని చూస్తే పొడి. ఎండలో ఆరబెట్టినంత పొడి. ఒకసారి తుడిచి మళ్ళీ బిగించి, తాడు లాగి, మళ్ళీ విప్పాను. పొడే. నేను పెట్టింది తడి జబ్బు. నేను పెట్టిన జబ్బు నాకు తెలియదా? ఇది ఎక్కడినుంచి వచ్చింది?

ఏదో వంక చెప్పి బావని టీ తెమ్మని పంపించాను. అతను అటు వెళ్ళగానే కార్బొరేటరు ఊడదీశాను. ఇంజను లోపలి ఊపిరి వచ్చి తగిలితేనే కార్బొరేటరు పెట్రోలు తోడుతుంది. ఆ ఊపిరి వచ్చే దారి గుండుసూది తల అంత కన్నం. దాని మీద ఎవరో ఒక ముక్క అతికించి మూసేశారు. గోటితో లాగితే వచ్చింది. మందుబిళ్ళల షీటు వెనక ఉండే వెండి కాగితం. చక్కగా గుండ్రంగా కత్తిరించి ఉంది. దాని మీద మందు పేరులో ఒక అక్షరం కూడా మిగిలి ఉంది.

నాకెంత సంతోషమేసిందనుకున్నావు. ఓరి గుంటనక్కా అనుకున్నాను. నా వైరు కనిపెట్టేశాడు, కనిపెట్టి నోరు మూసుకుని, నాకు తెలియకుండా నా ఆటలోకి దిగి నన్నే ముప్పుతిప్పలు పెడదామని చూశాడు. బావంటే ఇలా ఉండాలి. గిల్లితే తెలియని వేళ్ళతో, అంత చిన్న స్క్రూలు విప్పి, అంత చిన్న ముక్క కత్తిరించి అతికించడానికి నేను భోజనం చేసొచ్చేలోపు ఎంత తంటాలు పడి ఉంటాడో, ఆ ఆలోచన అప్పుడు నా బుర్రకు తట్టలేదు. నెగ్గాలన్నదొక్కటే తట్టింది.

వెండి కాగితం జేబులో వేసుకున్నాను. నా వైరుకి టేపు చుట్టి ఇంజనుకు దూరంగా జరిపాను. రెండు జబ్బులూ పోయాయి. ఒక్కసారి స్టార్ట్ చేయించి, అతని మొహం చూసి నవ్వుకుని, ఆ తర్వాత మళ్ళీ వైరు ఆనించేద్దాం, అక్కకిచ్చిన మాటకేం భంగం రాదు అనుకున్నాను.

బావ టీలు పట్టుకుని వచ్చాడు. కాయిలు వేసేశాను, లాగి చూసుకో అన్నాను. నా షాపులో బాగైన మిషను ఎవరిది వాళ్ళే లాగి చూసుకోవాలి, అది అతనికీ తెలుసు. నవ్వుతూనే వచ్చాడు. మిషను నేల మీద పెట్టి, పిడిలో కాలు దూర్చి, తాడు పిడి వేళ్ళకు అందదు కాబట్టి అరచేతికి మెలేసుకుని లాగాడు. ఇది స్టార్ట్ కాదులే అన్న ధీమాతో, ఏదో లాగాలి కాబట్టి లాగినట్టు. మొదటిసారి దగ్గింది. రెండోసారి అందుకుంది.

షాపు గోడలు అదిరాయి. ఎదురు దుకాణం వాళ్ళు తొంగిచూశారు. నేను చప్పట్లు కొట్టి, ఓడిపోయినవాడి మొహం చూద్దామని వంగాను.

బావ వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. తన కుక్క తననే కరిచినట్టు చూస్తున్నాడు మిషను వైపు. కాసేపటికి స్విచ్చు నొక్కాడు. అంత చప్పుడు ఆగిపోయాక ఫ్యాను తిరగడం వినబడింది.

“బాగా చేశావురా” అన్నాడు.

టీ తాగి వెళ్ళు, ఇంకా ట్యూనింగ్ మిగిలింది, ఇటివ్వు అంటున్నా వినలేదు. గొలుసుకు తొడుగు తొడిగి, మిషను భుజాన వేసుకున్నాడు. పనికి ఆలస్యమైందన్నాడు. వెళ్ళిపోయాడు.

అప్పుడు భయం పట్టుకుంది నాకు. ఆ చేతుల్తో సూటిగా చెట్టెక్కేస్తాడు. ఏదైనా జరిగితే అక్కకు నా మొహం ఎలా చూపించను? షట్టరు సగం దించి సైకిలెక్కాను. ముఠా ఎక్కడ పనిచేస్తోందో అడుక్కుంటూ వెళ్తే పెద్ద రోడ్డు మీద దొరికారు. కొమ్మలు దబదబా పడుతున్నాయి. పైన ఉన్నవాళ్ళందరి మొహాలూ చూశాను. బావ లేడు. మేస్త్రి కింద నిలబడి తాళ్ళు చుట్టిస్తున్నాడు. మా బావని ఎక్కనివ్వకండి, చేతులు బాగాలేవు అని రొప్పుతూ చెప్పాను.

మేస్త్రి నన్ను వింతగా చూశాడు. మీ బావ మా దగ్గర పని మాని చాలా కాలమైంది కదండీ అన్నాడు. వానలకు ముందే వద్దన్నారట. పైనుంచి మిషను జారిపోయి, కింద ఉన్న మనిషి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడట. “ఏడుస్తూనే వద్దని చెప్పాను, ఇంట్లో చెప్పలేదా?” అని అడిగాడు. అతను గడ్డంతో రోడ్డు అవతలికి చూపించాడు.

“అదిగో. రోజూ వచ్చి అక్కడే కూర్చునేవాడు. మధ్యలో కొన్నాళ్ళు కనబడలేదు. ఎక్కడో పని దొరికిందనుకుని సంతోషించాం.”

అవతల బస్టాపు ఉంది. గాలికి దాని పైరేకు ఎప్పుడో ఎగిరిపోయింది, ఊచలు మిగిలాయి. ఆ ఊచల నీడలో, అంటే ఎండలోనే, బావ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మిషను ఒళ్ళో పెట్టుకున్నాడు. పైన కొమ్మ తెగి పడినప్పుడల్లా అతని తల అటు తిరుగుతోంది. ఎవరైనా తప్పుగా కోస్తే మెడ కాస్త ముందుకు సాగుతోంది.

రోడ్డు దాటి వెళ్దామనుకున్నాను. వెళ్ళి ఏమనాలి? నాకు మాట్లాడ్డం తెలిసిన పద్ధతి ఒక్కటే, అది అక్కడ పనికి రాదు. అతను నన్ను చూడకముందే సైకిలు తిప్పేశాను.

అక్క ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని బావ చొక్కాకి గుండీలు పీకేసి టిచ్ బటన్లు కుడుతోంది. నొక్కితే పట్టుకునేవి. పాపం, మిషను పాడయ్యేదాకా మొగుడు పనికి వెళ్తున్నాడనుకుని డబ్బా కట్టి పంపింది, ఈ మాట ఎలా చెప్పడం అని గుమ్మంలో కాసేపు నిలబడ్డాను. తర్వాత కూర్చుని మొత్తం చెప్పేశాను. వెండి కాగితం సంగతి, నేను రెండు జబ్బులూ తీసేసి స్టార్ట్ చేయించిన సంగతి, మేస్త్రి చెప్పింది, బస్టాపు, అన్నీ. బావ నిన్ను మోసం చేశాడక్కా అన్నాను.

అక్క సూది ఆపలేదు.

“మిషను ఎందుకు బాగుచేశావురా?” అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడ దారం కొరికి, చొక్కా ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. పని పోయిన సంగతి మేస్త్రి భార్య ఆ సాయంత్రమే వచ్చి చెప్పిందట. బావ మాత్రం మర్నాడు ఎప్పటిలాగే డబ్బా కట్టించుకుని, మిషను మోసుకుని బయల్దేరాడు. కూరలకని వెళ్తూ అక్క అతన్ని బస్టాపులో చూసింది. ఆ మర్నాడూ చూసింది. ఇంట్లో ఉండమంటే తనకు తెలిసిపోయిందని అతనికి తెలుస్తుంది. ఊరుకుంటే ఎండలో మాడిపోతాడు.

“మిషను పాడైతే నీ దగ్గరికే వస్తాడనుకున్నాను. నీ షాపులో నీడుంది, ఫ్యానుంది. పొద్దు పోతుంది. మిషను పాడై పనికి వెళ్ళడం లేదని నాతో తలెత్తుకుని చెప్పుకోవచ్చు.”

మరి చెట్టెక్కుతాడని నాకెందుకు చెప్పావని అడిగాను. నాతో నిజం చెబితే ఏం పోయేదన్నాను.

“నిజం నీ నోట్లో ఆగుతుందా? ఆయన నీ గుమ్మంలో అడుగు పెట్టగానే ఏదో ఒకటి అనేవాడివి. షాపులో నలుగురూ నవ్వేవాళ్ళు. ఆయన ఇక అటు వచ్చేవాడు కాదు.”

వైరు మళ్ళీ ఆనించేస్తాను, సాయంత్రం మిషను ఏదో వంకతో నాకివ్వు అన్నాను. బాగైన మిషను నీ దగ్గరికి ఎందుకు తెస్తాడు, రేపు ఆయన ఎక్కడ కూర్చోవాలో నువ్వే చెప్పు అంది. ఏదో ఒకటి అనాలి కదా, పోనీ నా వైరు సంగతి కనిపెట్టి కూడా బావ నాకెందుకు చెప్పలేదు అని అడిగాను.

అక్క చొక్కా మడత పెట్టింది.

“మొదటిరోజే కనిపెట్టి ఉంటాడు, ఆయన నవ్వులోనే నాకు తెలిసింది. నువ్వు ఊరికే ఆటకి చేశావనుకుని ఉంటాడు. ఆట ఆగిపోతుందేమోనని భయపడి ఉంటాడు, అందుకే ఆ కాగితం పెట్టాడు.” మడత పెట్టిన చొక్కా పక్కన పెట్టి మళ్ళీ అంది. “రోజూ సాయంత్రం వచ్చి, ఆ రోజు నువ్వు ఏమేం వేషాలు వేశావో నాకు చేసి చూపించేవాడు. పని పోయినప్పటినుంచీ నోరు విప్పని మనిషి కడుపు పట్టుకుని నవ్వేవాడు. ఏమీ ఎరగనట్టు నేనూ నవ్వేదాన్ని. ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. తెలియకుండా వేషం కట్టింది నువ్వొక్కడివేరా.”